పదిహేను వందల నుంచి నాలుగు వందల హర్డిల్స్‌కు: డిగ్రీ కాలేజీ కోచ్ చేతిలో మూడేళ్లు

అనంతపురంలో ఒక డిగ్రీ కాలేజీలో పీడీ (ఫిజికల్ డైరెక్టర్)గా, అథ్లెటిక్స్ కోచ్‌గా పనిచేస్తున్నాను. ఇక్కడ రాస్తున్నది మొదటి సెమిస్టర్ నుంచి చివరి సెమిస్టర్ దాకా నా దగ్గర శిక్షణ తీసుకున్న ఒక అమ్మాయి కేసు. ఆమె, ఆమె తండ్రి సరేనన్నాకే రాస్తున్నాను. పేరు, ఊరు రాయను.

ఇంతకంటే పెద్ద మెడల్ తెచ్చిన పిల్లలు నా దగ్గర ఉన్నారు. అయినా ఈ కేసునే ఎందుకు తీసుకున్నానంటే, కాలేజీ కోచ్ ఉద్యోగంలో ఉన్న అసలు చిక్కు ఇందులో మొత్తం బయటపడుతుంది. పిల్లలు మన చేతిలో ఉండేది మూడేళ్లు. కాలేజీకి పాయింట్లు కావలసింది ఈ ఏడాదే. ఒళ్లు తయారయ్యే కాలం ఈ రెండు లెక్కలకూ లొంగదు. ఏ ఈవెంటు ఆడించాలి, ఎన్ని ఆడించాలి, ఎప్పుడు ఆపాలి అన్న ప్రతి నిర్ణయమూ ఈ మూడింటి మధ్య నలిగే తీసుకోవాలి.

వచ్చినప్పటి పరిస్థితి

కల్యాణదుర్గం వైపు పల్లె. నాన్నకు వానను నమ్ముకున్న నాలుగెకరాల చేను, వేరుశనగ పంట. పంట చేతికి రాని ఏడు ఎండాకాలంలో అమ్మానాన్నలిద్దరూ బెంగళూరికి బేల్దారి పనికి పోతారు. అమ్మాయి పదో తరగతి దాకా ఊళ్లో అవ్వ దగ్గర పెరిగింది. ఇంటర్ నుంచి అనంతపురంలో హాస్టల్లో ఉంటోంది.

జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీ సారు ఆమెను పదిహేను వందల మీటర్లలో పరిగెత్తించారు. మన వైపు ఇది మామూలే. బక్కగా ఉండి, ఆయాసపడకుండా పరిగెత్తే పిల్ల కనబడితే దూరపు పరుగులో వేస్తాం. దానికి సామాను అక్కర్లేదు. ట్రాక్ లేకపోయినా ఊరి బయట మట్టిరోడ్డు చాలు. పైగా కానిస్టేబుల్ సెలెక్షన్లలో మగపిల్లలకు 8 నిమిషాల్లో 1600 మీటర్లు, ఆర్మీ ర్యాలీలో పూర్తి మార్కులు రావాలంటే 5 నిమిషాల 30 సెకన్లలో 1.6 కిలోమీటర్లు. అందుకే మా జిల్లా పల్లెల్లో పరుగు అనగానే అందరికీ గుర్తొచ్చేది ఆ దూరమే. ఉద్యోగం కోసం పరిగెత్తడంలో తప్పేమీ లేదు, నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది దానికోసమే వస్తారు. కానీ ఆ అలవాటు వల్ల వేగం ఉన్న పిల్లలు కూడా దూరపు పరుగులో ఇరుక్కుపోతున్నారు. ముఖ్యంగా ఆడపిల్లలు.

కొత్తగా వచ్చినవాళ్లందరికీ నేను ముందు చిన్న పరీక్షలు పెడతాను. పరుగెత్తుకుంటూ వచ్చి 30 మీటర్లు, నిలబడినచోటి నుంచి లాంగ్ జంప్, 150 మీటర్లు, ఇంకో రోజు వాళ్ల సొంత ఈవెంటు. ఈమె 1500 మీటర్లు 5 నిమిషాల 21 సెకన్లలో ముగించింది. జిల్లా స్థాయిలో ఫరవాలేదు, అంతకు మించి ఏమీ లేదు. నా కన్ను పడింది ఇంకోచోట. ఆ పరుగులో సగటున 200 మీటర్లకు 43 సెకన్ల దాకా తీసుకున్న పిల్ల, చివరి 200 మీటర్లు 32 సెకన్లలో వచ్చేసింది. గీత దాటాక మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగనైనా వంగలేదు. 150 మీటర్లలో స్ప్రింటర్లమని చెప్పుకునే ఇద్దరు సీనియర్లను దాటింది. దమ్ము చాలని పిల్ల కాదు, వేగాన్ని ఎవరూ అడగని పిల్ల అని నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

వెంటనే ఈవెంటు మార్చలేదు. మూడు నెలలు చూద్దామనుకున్నాను. అంతలోపే నొప్పి మొదలైంది.

నొప్పి, రక్తం, తిండి

సెప్టెంబరులో ఒక రోజు వార్మప్‌లో కుడికాలు కొంచెం ఈడుస్తోంది. అడిగితే ఏమీ లేదంది. కూర్చోబెట్టి, మోకాలి కింద ముందువైపు ఉండే ఎముక లోపలి అంచు వెంబడి బొటనవేలితో మెల్లగా నొక్కుకుంటూ కిందికి వచ్చాను. కోచ్‌గా ఉండేవాళ్లంతా ఈ పరీక్ష నేర్చుకోవాలి. నాలుగైదు వేళ్ల మేర అంచంతా పొడుగునా నొప్పి అంటే అది ఎక్కువమంది రన్నర్లకు వచ్చే షిన్ నొప్పి. ఒకే చోట, వేలు పెట్టి చూపించగలిగేంత చిన్న జాగాలో నొప్పి ఉండి, రాత్రి పడుకున్నప్పుడు కూడా సలుపుతుంటే ఎముకలో సన్నని చీలిక మొదలవుతోందని అనుమానించాలి. ఈమెకు రెండోదే. నా వేలు ఒకచోటికి రాగానే కాలు లాక్కుంది.

ఎముకల డాక్టరు దగ్గరికి పంపాను. ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. ఇలాంటి చీలిక మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేకు దొరక్కపోవచ్చని, నొప్పి తీరు చూస్తే పరుగు ఆపాల్సిందేనని ఆయన చెప్పారు. ఆరు వారాలు. రక్తపరీక్ష కూడా చేయించమని నేనే అడిగాను, ఎందుకంటే అంతకు రెండు వారాల ముందు నుంచి ఆమె ముఖం పాలిపోయి ఉంది, మెట్లెక్కినా గుండె దడ అంటోంది. హిమోగ్లోబిన్ 9.6 వచ్చింది. ఆడవాళ్లకు 12 కంటే తక్కువైతే రక్తహీనత. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే ఉంది. అంటే నా ముందు వరసలో నిలబడ్డ అమ్మాయిల్లో సగం మంది పరిస్థితి ఇదే అయ్యుండొచ్చు. దూరపు పరుగుకు ఆక్సిజన్ మోసేది ఆ రక్తమే.

నెలసరి సంగతి అడగాలి. మగ కోచ్ అడిగితే పిల్లలు నిజం చెప్పరు, చెప్పాలని ఎదురుచూడకూడదు కూడా. మా బాటనీ మేడం గారు ఈ విషయంలో అమ్మాయిలందరికీ అండ. ఆమె ద్వారా తెలిసింది ఏమంటే, మూడు నెలలుగా రాలేదు, ప్రాక్టీసు చేస్తే అలాగే అవుతుందిలే అని తోటి పిల్లలు చెబితే నమ్మింది. ఒంటికి చాలినంత తిండి లేకుండా కష్టం పెరిగితే నెలసరి ఆగుతుంది, ఎముక బలహీనపడుతుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లోనే దీన్ని క్రీడాకారుల్లో వచ్చే శక్తి లోటుగా గుర్తించి హెచ్చరించింది. గ్రౌండులో మాత్రం ఇప్పటికీ "ఒళ్లు తేలికైంది, బాగా పరిగెత్తుతుంది" అని మెచ్చుకునే కోచ్‌లు కనబడుతూనే ఉంటారు. ఆ మెచ్చుకోలు వింటే నాకు భయమేస్తుంది.

తిండి లెక్క తీశాం. ప్రాక్టీసు పొద్దున ఐదున్నరకు. హాస్టల్ మెస్ తెరిచేది ఏడున్నరకు. ఖాళీ కడుపుతో రెండు గంటలు పరిగెత్తి, స్నానం చేసి, క్లాసుకు టైమైందని నాలుగు ముద్దల ఉగ్గాని నోట్లో వేసుకుని పరుగు. మధ్యాహ్నం అన్నం, సాంబారు. అన్నం అయిన వెంటనే టీ. సాయంత్రం మళ్లీ ప్రాక్టీసు. ఇనుము మాత్ర ఇచ్చినా ఆ టీ ఉన్నంత కాలం సగం వృథానే.

మార్పులు చిన్నవి. డాక్టరు రాసిన ఇనుము మాత్ర నిమ్మరసంతో, టీకి దూరంగా. పొద్దున గ్రౌండుకు వచ్చే ముందు రాత్రి నానబెట్టిన శనక్కాయ విత్తనాలు, బెల్లం, ఒక అరటిపండు. ప్రాక్టీసు అయిన అరగంటలో రెండు ఉడికించిన గుడ్లు. వార్డెన్ మేడం గారితో మాట్లాడితే గ్రౌండుకు వచ్చే పిల్లలకు టిఫిన్ పక్కన తీసి పెట్టించడానికి ఒప్పుకున్నారు. గుడ్ల ఖర్చుకు స్టాఫ్‌రూంలో కొందరం నెలనెలా కొంత వేసుకున్నాం.

ఆ వారం వాళ్ల నాన్న వచ్చారు. గ్రౌండు అంచున వేపచెట్టు కింద నిలబడి, చెప్పులు విడిచి మాట్లాడుతున్నారు.

"సామీ, పిల్లకు కాలు నొప్పంటాండాది. ఇంగ పరుగులొద్దులే. సదువుకోనీ."

"పరిగెత్తద్దనే చెప్పినా అన్నా, ఆరు వారాలు. అది డాక్టరు మాట. నొప్పి తగ్గినాంక ఏం చేయాలనేది పిల్లనే అడుగుదాం. తిండి మాత్రం మీరూ నేనూ చూసుకోవల్ల."

ఆయన కాసేపు ఏమీ అనలేదు. పదిరోజుల తర్వాత మళ్లీ వచ్చి, వేరుశనగ మూట ఒకటి నా రూంలో పెట్టి, "మా చేన్లో పండినేటివే" అని చెప్పి వెళ్లిపోయారు. ఆ మూట అమ్మాయికి ఒక్కదానికే కాదు, ఆ చలికాలమంతా గ్రూపు మొత్తానికీ సరిపోయింది.

మూడు నెలలకు హిమోగ్లోబిన్ 11.8కి వచ్చింది. నెలసరి మళ్లీ మొదలైంది.

హర్డిల్స్ ఎందుకు

పరుగు ఆపిన ఆ ఆరు వారాల్లోనే ఈవెంటు దొరికింది. ఎముకకు దెబ్బ తగలని పని ఏదో ఒకటి ఇవ్వాలి కదా. సైకిల్, నేల మీద చేసే వ్యాయామాలు, నొప్పి తగ్గాక తక్కువ ఎత్తు హర్డిళ్ల మీదుగా నడక. నడకే, పరుగు లేదు. ఒక కాలు ఎత్తి దాటించి, రెండో కాలిని పక్క నుంచి మడిచి తెచ్చి దించాలి. చాలామంది పిల్లలకు తుంటి పట్టేసి, నడుము పక్కకు వాలిపోతుంది. ఈమెకు మోకాలు చంక దాకా సులువుగా వస్తోంది, నడుము నిటారుగా నిలబడుతోంది. ఎవరు నేర్పారని అడిగితే, చిన్నప్పటి నుంచి చేన్లో కంచెలు దాటుతూనే ఉన్నాను సార్ అంది.

అప్పుడు కూర్చుని లెక్క వేశాను. 1500లో యూనివర్సిటీ స్థాయి దాటాలంటే ఈ అమ్మాయి వారానికి యాభై అరవై కిలోమీటర్లు పరిగెత్తాలి. మా గ్రౌండు ఎర్రమట్టి, గులకరాయి. మార్చి వచ్చిందంటే రోకటిబండలా గట్టిపడుతుంది. ఆ ఎముకతో, ఆ రక్తంతో, ఆ నేల మీద అంత దూరం పోగు చేయడానికి మూడేళ్లు చాలవు, మధ్యలో మళ్లీ విరుగుతుంది. నాలుగు వందల హర్డిల్స్‌కు అందులో సగం కూడా అక్కర్లేదు. వేగం ఉంది, తుంటి ఉంది, 1500 పరిగెత్తిన దమ్ము చివరి వంద మీటర్లకు పనికొస్తుంది. మిగిలింది నేర్పించగలిగిన విద్య. నేర్పించగలిగినదాన్ని నమ్ముకోవడమే కాలేజీ కోచ్‌కు క్షేమమని నా అభిప్రాయం.

ఇంకో సంగతి దాచను. ఇంటర్ కాలేజియేట్ మీట్‌లో ఈ ఈవెంటుకు పోటీకి వచ్చేవాళ్లు తక్కువ, ఎందుకంటే చాలా కాలేజీల్లో హర్డిళ్లే ఉండవు. సులువుగా మెడల్ కొట్టడానికి అటు తోశాడని అన్నవాళ్లున్నారు. పోటీ తక్కువగా ఉన్నచోట పిల్లకు ఫైనల్ పరుగుల అనుభవం త్వరగా దొరుకుతుంది. యూనివర్సిటీ టీంలో చోటు దొరికితే మంచి ట్రాక్ మీద, మంచి రన్నర్ల పక్కన నిలబడుతుంది. అది నాకు కావలసిందే.

అమ్మాయికి పి.టి. ఉష సంగతి చెప్పాను. ఆడవాళ్ల 400 మీటర్ల హర్డిల్స్ ఒలింపిక్స్‌లో మొదటిసారి పెట్టిందే 1984లో, లాస్ ఏంజెలిస్‌లో. అక్కడ ఉష 55.42 సెకన్లలో పరిగెత్తి, సెకనులో వందో వంతు తేడాతో కాంస్యం పోగొట్టుకుంది. ఆ 55.42 జాతీయ రికార్డుగా 39 ఏళ్లు నిలిచింది. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో విద్యా రామరాజ్ సరిగ్గా అదే టైము పరిగెత్తి సమం చేసింది. ఇదంతా విని అమ్మాయి అడిగిన ప్రశ్న ఒకటే: "ఆమెకు ఎన్నేళ్లు నేర్పినారు సార్?" ఉష కోచ్ ఓ.ఎం. నంబియార్ ఆమె బడి వయసు నుంచి ఆ ఒలింపిక్స్ దాకా, ఆ తర్వాతా వెంట ఉన్నారు. 1985లో ద్రోణాచార్య అవార్డు మొదలుపెట్టినప్పుడు అందుకున్న తొలి కోచ్‌లలో ఆయన ఒకరు. మాకు మిగిలింది రెండేళ్ల చిల్లర అని చెప్పాను.

అడుగుల లెక్క

ముందు హర్డిళ్లు కావాలి. కాలేజీలో ఉన్నవి పాతవి, తుప్పు పట్టినవి. వెల్డింగ్ షాపులో ఇనుప పైపులతో చేయిస్తే పదేళ్లు ఉంటాయి సార్ అని అందరూ చెప్పారు. అలా చేయించిన కాలేజీలు ఉన్నాయి, అక్కడ మోకాళ్లు పగిలిన పిల్లలూ ఉన్నారు. పోటీ హర్డిల్ పై అంచు మీద 3.6 నుంచి 4 కిలోల బలం పడితే పడిపోవాలి, అదీ నియమం. పడని హర్డిల్ పిల్లను పడేస్తుంది. ప్లంబింగ్ పైపులతో, పైన అడ్డకర్ర ఊరికే ఆనించి ఉండేలా, 50, 60, 76 సెంటీమీటర్ల ఎత్తుల్లో చేయించాం. ఆడవాళ్ల 400 హర్డిల్స్ ఎత్తు 76.2 సెంటీమీటర్లు.

ఎనిమిది లేన్లు గీయనక్కర్లేదు. ఒక్క లేను చాలు. మట్టి ట్రాక్‌కు లోపల గట్టు ఉండదు కాబట్టి గీతకు 20 సెంటీమీటర్ల అవతల నుంచి కొలవాలి. మొదటి హర్డిల్ దాకా 45 మీటర్లు, ఒక్కోదానికీ మధ్య 35, పదోది దాటాక గీతకు 40. వంపులో టేపు పట్టుకోవడానికి ఇద్దరు పిల్లలు, సున్నం పోయడానికి ఒకరు. వాన పడితే మళ్లీ మొదటి నుంచి.

ఇప్పుడు లెక్క. రెండు హర్డిళ్ల మధ్య 35 మీటర్లలో, దిగిన చోటు నుంచి మళ్లీ ఎగిరే చోటు దాకా పరిగెత్తేది సుమారు 32 మీటర్లు. ఆ దూరాన్ని 15 అడుగుల్లో కొట్టాలంటే అడుగుకు 2.13 మీటర్లు పడాలి, అది పెద్ద స్థాయి రన్నర్ల పని. 17 అడుగులైతే 1.88. 19 అయితే 1.68. ఈమె అలుపు లేనప్పుడు అడుగు 1.9 దాకా వేస్తుంది, అలిసినప్పుడు 1.7కు పడిపోతుంది. కాబట్టి మొదట్లో 17, చివర్లో 19 అని మొదలుపెట్టాం. బేసి సంఖ్య అయితే ప్రతి హర్డిల్‌నూ ఒకే కాలు ముందు పెట్టి దాటొచ్చు. 17 నుంచి ఒక్కసారిగా 19కి దిగితే అడుగు చాలా కురచై వేగం చచ్చిపోతుంది. మధ్యలో 18 కావాలి. సరిసంఖ్య వచ్చిందంటే కాలు మారుతుంది. అంటే రెండు కాళ్లతోనూ దాటడం వచ్చి తీరాలి.

ఈమెకు అలవాటైనది కుడికాలు ముందు. ఇక్కడే పెద్ద చిక్కు. ట్రాక్ ఎప్పుడూ ఎడమవైపుకే తిరుగుతుంది. వంపులో కుడికాలు ముందు పెడితే వెనక వచ్చే ఎడమకాలు లోపలి గీతవైపు వేలాడి, హర్డిల్ పక్క నుంచి, పై అంచు కంటే కిందగా వచ్చేస్తుంది. అలా వస్తే అనర్హత. నేను వంపులో నేల మీద పడుకుని చూశాను, పది పరుగుల్లో రెండు మూడు సార్లు అలాగే వస్తోంది. రెఫరీ చూస్తే అక్కడితో కథ ముగిసినట్టే. పైగా ఎడమకాలు ముందు పెట్టేవాళ్లు లోపలి గీతకు దగ్గరగా పరిగెత్తగలరు, దూరం వృథా కాదు.

ఎడమకాలు నేర్పడానికి ఒక చలికాలమంతా పట్టింది. నడక, తర్వాత పక్కగా మెల్లని పరుగు, తర్వాత 50 సెంటీమీటర్ల ఎత్తుకు మూడు హర్డిళ్లు, 60కి మూడు, చివరికి అసలు ఎత్తు. ఏడ్చిన రోజులున్నాయి. కుడికాలితో ఒక సెకను తొందరగా వచ్చే పిల్లకు, నువ్వు ఎడమకాలితో నెమ్మదిగానే పరిగెత్తు అని చెప్పి నిలబడటం కోచ్‌కు కూడా తేలిక కాదు.

స్టార్టు మార్చాలి. మొదటి హర్డిల్ దాకా 24 అడుగులు కుదిరాయి. 24 సరిసంఖ్య కాబట్టి స్టార్టింగ్ బ్లాకులో (పరుగు మొదలుపెట్టేటప్పుడు పాదాలు ఆనించే దిమ్మెలో) వెనక ఉన్న కాలే హర్డిల్ మీద ముందు కాలు అవుతుంది. అంటే ఎడమకాలు వెనక బ్లాకులో. ఆమె స్కూల్ నుంచి ఎడమ ముందు పెట్టుకునే అలవాటు. దాన్నీ తిప్పాం.

వారం ఇలా నడిచేది. సోమవారం బ్లాకుల నుంచి మూడు హర్డిళ్లు, ఆ తర్వాత ఐదు, ప్రతి పరుగు మధ్య పూర్తి విశ్రాంతి. బుధవారం హర్డిళ్లు లేకుండా 300 మీటర్లు మూడు. శుక్రవారం కష్టమైన రోజు: 200 మీటర్లు గట్టిగా పరిగెత్తి, అలుపులోనే చివరి నాలుగు హర్డిళ్లు. శనివారం కాలు మార్చే అభ్యాసం. మిగతా రోజుల్లో మెత్తటి నేల వెతుక్కుని మెల్లని పరుగు. ఎడమకాలు కుదిరేదాకా శుక్రవారం పని ఇవ్వలేదు, ఎందుకంటే అలుపులో ఒళ్లు పాత అలవాటుకే పోతుంది.

పాయింట్ల గొడవ

పీడీ అంటే గ్రౌండులోనే ఉంటాడనుకుంటారు. అడ్మిషన్ల డ్యూటీ, పరీక్షల డ్యూటీ, ఆగస్టు పదిహేను పరేడు, కాలేజీకి గ్రేడు ఇచ్చే నాక్ టీం వస్తే ఫైళ్లు, కబడ్డీ టీం ప్రయాణం, ఖో-ఖో టీం టీషర్టులు అన్నీ అతని మీదే. పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్ఐఎస్)లో కోచింగ్ డిప్లొమా చేసినప్పుడు మాకు ఒక్కో ఈవెంటును లోతుగా నేర్పారు. కాలేజీకి వచ్చాక వంద మీటర్ల నుంచి హ్యామర్ త్రో దాకా ఒక్కడే చూడాలి. దాని గురించి నాకు ఫిర్యాదు లేదు. ఫిర్యాదు ఉన్నది కోచ్ పనిని కొలిచే కొలబద్ద మీద. ఏడాది చివర్లో అడిగేది ఒకటే: ఓవరాల్ ఛాంపియన్‌షిప్ వచ్చిందా?

ఆమె రెండో ఏడాది ఇంటర్ కాలేజియేట్ మీట్‌కు ముందు అప్పటి ప్రిన్సిపాల్ గారు పిలిచారు. మాకూ ఇంకో కాలేజీకీ మధ్య పోటీ బిగువుగా ఉంది. 1500, 800 రెండింటిలోనూ ఆమెను దించితే రెండు మెడళ్లు ఖాయమని, హర్డిల్స్, రిలే కూడా ఉంటే ఇంకా మంచిదని ఆయన లెక్క. ఆయన లెక్క కాగితం మీద తప్పు కాదు. ఆయన మీదా పైవాళ్ల ఒత్తిడి ఉంటుంది.

డాక్టరు చీటీ, రక్తపరీక్ష రిపోర్టులు రెండూ టేబుల్ మీద పెట్టాను. ఏడాది కిందట దెబ్బతిన్న ఎముక ఇది, రెండు రోజుల్లో నాలుగు ఈవెంట్లు పరిగెత్తిస్తే మళ్లీ అక్కడే విరుగుతుంది, అప్పుడు మూడో ఏడాది ఏమీ ఉండదు అని చెప్పాను. హర్డిల్స్, రిలే, రెండే. 1500లో మన దగ్గర ఇంకో అమ్మాయి ఉంది, మూడో స్థానం తెస్తుంది అన్నాను. ఆయన ఒప్పుకోలేదు, కాదనలేదు కూడా. ఎంట్రీ ఫారం మీద సంతకం పెట్టాల్సింది నేను, రెండు ఈవెంట్లే రాసి పంపాను. ఆ ఏడాది ఓవరాల్ ఛాంపియన్‌షిప్ మాకు రాలేదు. ఆ తర్వాత కొన్నాళ్లు నా టీఏ బిల్లులు మెల్లగా కదిలాయి. మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ అవే రెండు ఈవెంట్లు రాస్తాను. కొత్తగా ఈ ఉద్యోగంలోకి వచ్చే పిల్లలకు చెప్పేది కూడా ఇదే: ఎంట్రీ ఫారం నింపే చేయి మీది, దాన్ని ఎవరికీ ఇవ్వద్దు.

పోటీలు

ఆ మీట్‌లో ఒక సంగతి రాయాలి. పోటీకి గంట ముందు టేపు తీసుకుని లేను నడిచాను. ఇది నా అలవాటు, ఆతిథ్యం ఇచ్చేవాళ్లు ఎవరైనా సరే. ఆరో హర్డిల్ గుర్తుకు మీటరు ముందు ఉంది. ఏడో వరసలో రెండు హర్డిళ్లు తిరగేసి పెట్టారు. హర్డిల్ కాళ్లు పరిగెత్తుకొచ్చేవాళ్ల వైపు ఉండాలి, అప్పుడే తగిలితే ముందుకు పడుతుంది. తిరగేస్తే అది పడదు, పిల్ల కాలు విరుగుతుంది. చెబితే వెంటనే సరిచేశారు. అక్కడ పనిచేస్తున్న వాలంటీర్లకు అది ఎవరూ నేర్పలేదు, అంతే.

ఆమె 66.9లో గెలిచింది, చేతి వాచీ టైము. ఏడో హర్డిల్ దాకా 17, అక్కడ 18 పెట్టాల్సింది తడబడి 19 వేసింది. ఫ్లాట్ 400, అంటే హర్డిళ్లు లేని 400, ఆమె అప్పటికి 60.8 పరిగెత్తుతోంది. రెండింటి తేడా ఆరు సెకన్లకు పైన. నాలుగు సెకన్లకు తగ్గితే విద్య పట్టుబడినట్టు. మూడో ఏడాదంతా పని చేసింది ఆ తేడా మీదే.

పది హర్డిళ్ల దగ్గరా ముందు కాలు నేలకు తగిలిన క్షణాన్ని వాచీలో పట్టి రాసుకుంటే పరుగు ఎక్కడ చెడుతోందో కళ్లకు కడుతుంది. ఆమెకు మొదటి హర్డిల్ 7.1, ఆ తర్వాత ఒక్కో మధ్యా 4.9, 5.0, 5.1 చొప్పున ఐదో హర్డిల్ దాకా అందంగా నడిచేది. ఏడు ఎనిమిది మధ్య ఒక్కసారిగా 6.2. దమ్ము చాలక అయితే మెల్లమెల్లగా పెరగాలి. ఇలా ఒకచోట ఎగిరిందంటే అది అడుగు తడబాటే. ఆరో హర్డిల్ దాకా 17, అక్కడి నుంచి కుడికాలితో ఒకటి, ఎడమకాలితో ఒకటి చొప్పున 18, చివరిదానికి మాత్రం 19 అని ముందే నిర్ణయించాం. అలిసిపోయాక ఆలోచించాల్సిన పని ఉండకూడదని.

మూడో ఏడాది యూనివర్సిటీ సెలెక్షన్స్‌లో 64.1, చేతి టైము. ఫ్లాట్ 400 అప్పటికి 59.9. ఆలిండియా ఇంటర్ యూనివర్సిటీకి వెళ్లింది. అంతకుముందు సింథటిక్ ట్రాక్ అలవాటు కోసం బెంగళూరు కంఠీరవ స్టేడియంలో అనుమతి తీసుకుని పరిగెత్తించాను. మట్టి మీద మొదటి హర్డిల్‌కు సరిపోయే 24 అడుగులు సింథటిక్ మీద దగ్గరగా పడిపోతాయి, నేల అడుగును వెనక్కి తోస్తుంది కాబట్టి. అది ముందే తెలియకపోతే మొదటి హర్డిల్‌లోకి దూసుకుపోతారు. స్టార్టు నుంచి మూడో అడుగు దాకా కొంచెం కురచగా వేయించి సరిచేశాం.

ఆలిండియాలో హీట్స్‌లో (తొలి రౌండు పరుగులో) 63.87, ఎలక్ట్రానిక్ టైము. 400 మీటర్లలో చేతి టైముకు 0.14 కలిపితేనే ఎలక్ట్రానిక్‌తో పోల్చవచ్చు. ఆ లెక్కన సెలెక్షన్స్ టైము 64.24 కింద వస్తుంది, అంటే నిజంగానే బాగుపడింది. ఫైనల్‌కు రాలేదు. దూరం ఇంకా ఉంది.

యూనివర్సిటీ పోటీలంటే చిన్నచూపు ఉన్నవాళ్లకు ఒక మాట. మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిదిరిలో జరిగిన ఆలిండియా ఇంటర్ యూనివర్సిటీ మీట్‌లోనే 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.03లో పరిగెత్తింది. అప్పటి జాతీయ రికార్డు 13.38. అక్కడ డోప్ పరీక్ష జరగలేదు కాబట్టి దాన్ని రికార్డుగా లెక్కించలేదు. 2023లో ఆమె 12.78 పరిగెత్తి జాతీయ రికార్డు తిరగరాసింది కూడా చెంగ్డూలో జరిగిన ప్రపంచ యూనివర్సిటీ క్రీడల్లోనే. పరుగు ఎక్కడైనా పరుగే. ఏర్పాట్లు సరిగా ఉంటే దానికి విలువ కట్టొచ్చు, లేకపోతే పిల్లల కష్టం కాగితం మీదికి రాదు.

అప్పగింత

చివరి సెమిస్టర్ పరీక్షలయ్యాక ఆమె బీపీఈడీ (వ్యాయామ విద్య డిగ్రీ) ఎంట్రన్స్ రాసింది, వేరే ఊళ్లో సీటు వచ్చింది. అక్కడ ఇంకో కోచ్ ఉంటారు. నా దగ్గరికి పిల్లలు వచ్చినప్పుడు వాళ్లతో పాటు ఏ కాగితమూ రాదు. ఏ వయసులో ఏ గాయమైంది, ఏ కాలు బలహీనం, ఏ ఈవెంట్లో ఎంత అన్నది మళ్లీ మొదటి నుంచి తవ్వుకోవాలి. అందుకే నేను పంపే ప్రతి పిల్ల చేతికీ ఒక కవరు ఇస్తాను.

ఈమె కవరులో ఉన్నవి: మూడేళ్ల హిమోగ్లోబిన్ రిపోర్టులు, మూడు నెలలకోసారి చేయించమని వినతి. కుడి మోకాలి కింది ఎముక ఎక్కడ నొప్పి పెట్టిందో బొమ్మ. ఎడమకాలు ముందు, వెనక బ్లాకులో ఎడమ, మొదటి హర్డిల్‌కు 24. ప్రతి పోటీలో పది టచ్‌డౌన్ టైములు, అంటే హర్డిల్ దాటి ముందు కాలు నేలకు తగిలిన టైములు. 1500, క్రాస్ కంట్రీలలో దించవద్దని విన్నపం, దాని కారణం. ఇంకా తేలని విషయం ఒకటి కూడా రాశాను. ఎడమకాలితో వంపు దాటేటప్పుడు పేచీ లేదు. ఏడో హర్డిల్ రెండో వంపులోనే వస్తుంది, అప్పటికి 18 అడుగుల లెక్కలో ఆమెకు కుడికాలు ముందు పడుతోంది. అంటే వెనక వచ్చే ఎడమకాలు గీత లోపలికి వేలాడే పాత ప్రమాదం అక్కడ ఇంకా ఉంది. ఆ మార్పును ఒక హర్డిల్ ముందుకో వెనక్కో జరిపి చూడాలి, లేదా బలం పెంచి ఎనిమిదో హర్డిల్ దాకా 17తోనే లాగించాలి. నా మొగ్గు రెండోదానికి. ఆమెకు వయసుంది, ఇంకో ఏడాది ఇస్తే ఆ బలం వస్తుంది.